నాలో నీలం లేదు

నేను 15 వాట్ల పసుపు బల్బుని. జీరో బల్బు అంటే అందరికీ తెలుస్తుంది. నాలాంటివి ఇళ్లలో పడగ్గదుల్లోనో దేవుడి గూటి దగ్గరో వెలుగుతుంటాయి. నన్ను మాత్రం విజయవాడలో శుభలేఖలు వేసే ఒక స్క్రీన్ ప్రింటింగ్ షాపు వెనక గదిలో బిగించారు. కిటికీని అట్టతో మూసి, సందుల్లో నల్లగుడ్డ కుక్కారు. తలుపుకి మందపాటి పరదా. పగలైనా రాత్రైనా అక్కడ వెలుగంటే నేనే.

నా పనేమిటో తెలియాలంటే ముందు ఎమల్షన్ సంగతి చెప్పాలి. ఫ్రేముకి బిగించి లాగిన సన్నటి జాలీ గుడ్డ మీద పూసే జిగురు అది. మా షాపులో పాలివినైల్ ఆల్కహాల్ జిగురులో అమ్మోనియం బైక్రోమేట్ కలుపుతారు. తడిగా ఉన్నంతసేపు కాస్త ఓర్చుకుంటుంది. ఆరాక మాత్రం తనకి పడని వెలుతురు సోకిన చోటల్లా గట్టిపడిపోయి ఇక నీళ్లకి కరగదు. బైక్రోమేట్‌కి వెలుతురు తగిలితే మారే గుణం ఉందని 1839లోనే స్కాట్లండ్‌కి చెందిన ముంగో పాంటన్ చెప్పాడు. మా పనంతా నడిచేది ఆ గుణం మీదే. ఆరిన స్క్రీన్‌కి ట్రేసింగ్ పేపరు మీద నల్ల అక్షరాలున్న పాజిటివ్‌ని అద్దంతో అదిమి ఎండ చూపిస్తారు. నల్ల అక్షరం కింద ఉన్న ఎమల్షన్ మెత్తగానే మిగిలి, కడిగితే పోతుంది. పెళ్లికొడుకు పేరు, ముహూర్తం, కల్యాణమంటపం చిరునామా, అన్నీ ఆ ఖాళీల్లోంచే కార్డు మీదికి దిగుతాయి.

ఎమల్షన్‌కి పడనిది అన్ని రకాల వెలుతురూ కాదు. అతినీలలోహిత కిరణాలు, ఊదా, నీలం, అంటే సుమారు 350 నుంచి 450 నానోమీటర్ల దాకా ఉండే కిరణాలతోనే దానికి పేచీ. పసుపు 580 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. దాన్ని ఎమల్షన్ పట్టించుకోదు. నా ఫిలమెంటులో నీలం పుట్టడమే తక్కువ. పుట్టిన ఆ కాస్తనీ గాజు మీది పసుపు పూత అడ్డుకుంటుంది.

పనిలో కొత్తగా చేరిన కుర్రాడు ఒకరోజు అడిగాడు. "బాబాయ్, ఎర్ర బల్బు పెట్టొద్దా? ఫొటో స్టూడియో డార్క్‌రూముల్లో అదేగా ఉండేది!"

"అక్కడ బ్రోమైడ్ పేపరు రా. కొన్ని రకాలకి ఆకుపచ్చ కూడా తగులుద్ది, అందుకని ఎరుపు. మనకి నీలం లేకపోతే చాలు. కళ్లు పొడుచుకుని పని చేయడం దేనికి?"

ఆ మాట నాకు ఎంతో నచ్చింది. ఈ పనికి గుడ్డి చీకటి కావాలనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. తడుముకుంటూ పూస్తే పూత ఎగుడుదిగుడవుతుంది, బైక్రోమేట్ చేతుల మీద ఒలుకుతుంది. అది విషం. చర్మం మీద పుండ్లు పడతాయి. గ్లౌజులు వేసుకోవాలన్నా, ఒలికింది తుడవాలన్నా ముందు కనపడాలి కదా. మనిషి కంటికి బాగా ఆనే రంగుల్లో పసుపు ఒకటి.

బాబాయ్ కోటింగ్ వేసేటప్పుడు చూడాలి. ఎమల్షన్ పూసే స్కూప్‌ని కింద నుంచి పైకి ఒకే ఊపున లాగుతాడు. తడి పూత మీద నా వెలుగు ఒక చారలా దాని వెంటే పాకుతుంది. ఆ చార ఎక్కడ తెగితే అక్కడ పూత పలచబడినట్టు. అతని చూపు స్కూప్ మీద కంటే ఆ చార మీదే ఉంటుంది. మెరుపు పోయి గుడ్డంతా మసకగా కనిపించాకే ఆరిందంటాడు.

పక్క వీధి షాపులో జరిగిన సంగతి కూడా ఇక్కడే విన్నాను. వాళ్లు తెల్ల ఎల్‌ఈడీ బల్బుకి పసుపు జిలెటిన్ కాగితం చుట్టి డార్క్‌రూములో పెట్టుకున్నారు. చూడ్డానికి అచ్చం నాలాగే ఉంది. కానీ తెల్ల ఎల్‌ఈడీ లోపల మొదట పుట్టేది 450 నానోమీటర్ల దగ్గరి నీలమే. కాగితం పల్చనైతే అందులో కొంత బయటికొస్తుంది. పెద్దక్షరాలు బాగానే పడ్డాయి. ఒత్తులూ సున్నాలూ మాత్రం పూడుకుపోయాయి. ఎంత కడిగినా తెరుచుకోలేదు. ఎమల్షన్ పాతదై ఉంటుందని డబ్బా మార్చారు, ఎండ ఎక్కువైందని టైము తగ్గించారు. తల పైన వెలుగుతున్న బల్బు వైపు ఎవరూ చూడలేదు. ట్యూబులైటుతోనూ ఇదే చిక్కు. అందులోని పాదరసపు ఆవిరి 405, 436 నానోమీటర్ల దగ్గర గట్టిగా వెలుగుతుంది. చిన్నదైనా, దూరంగా ఉన్నా, తెల్ల వెలుతురు తెల్ల వెలుతురే.

మా షాపుకి ఫొటోపాలిమర్ ఎమల్షన్ వచ్చినప్పుడు బాబాయ్ నన్ను కూడా పరీక్షకి పెట్టాడు. అది బైక్రోమేట్ రకం కంటే చురుకైనది. పూత ఆరిన చిన్న స్క్రీన్‌ని బల్ల మీద పెట్టి, మధ్యలో రూపాయి బిళ్ళ ఉంచి, నా కింద అరగంట వదిలేశాడు. తర్వాత బిళ్ళ తీసి కడిగాడు. వెలుతురు చెడ్డదైతే బిళ్ళ కింది గుండ్రం మాత్రమే కరిగి, చుట్టూ పూత నిలిచిపోవాలి. నా కింద పూతంతా ఒకేసారి కరిగి జారిపోయింది, బిళ్ళ ఆనవాలు కూడా మిగల్లేదు.

ఫిలమెంటు బల్బులు దుకాణాల్లో తగ్గిపోతున్నాయి. నేనూ ఏదో ఒకరోజు కాలిపోతాను. నా చోట ఏ బల్బు బిగించినా పైకి పసుపుగా ఉందని నమ్మేయకండి. బిగించిన రోజే, పెళ్లికార్డు ఆర్డరు మొదలుపెట్టక ముందే, రూపాయి బిళ్ళ పెట్టి ఒక స్క్రీన్ కడిగి చూడండి.