పెరడు ఊడవకండి

ముందు ఆ చీపురు మూలన పెట్టండి. వీధి వాకిలి మీ ఇష్టం, ఊడ్చుకోండి, కళ్లాపి చల్లుకోండి, ముగ్గేసుకోండి. పెరట్లో మాత్రం జామ కింద రాలిన ఆకు జామ కిందే ఉండాలి. పెరటికి పిట్టా పురుగూ రావాలని కోరుకునేవాళ్లకు నేను చెప్పే చిట్కాలన్నీ తలకిందులుగానే వినిపిస్తాయి. మా ఇంట్లోనూ మొదట అలాగే వినిపించాయి. మంగళగిరిలో ఇరవై ఏళ్లుగా మూడు సెంట్ల పెరటిని కనిపెట్టుకుని ఉండి నేర్చుకున్నవి ఇవి.

ఎండుటాకు కింద తేమ ఉంటుంది, తేమలో పురుగు ఉంటుంది. గోరింకల జత ఒకటి రోజూ ఎనిమిది దాటాక మా జామ కిందకి దిగుతుంది. చీరల కొట్లో మడతలు తిరగేసినట్టు ఒక్కో ఆకునీ ముక్కుతో ఎత్తి పక్కకి గిరాటేస్తూ, కింద కదిలినదాన్నల్లా నోట కరుచుకుంటుంది. కూకుడుగువ్వ వచ్చిందంటే పొడుగాటి ముక్కును నేలలోకి దించి, మన కంటికి కనిపించని పురుగును పైకి లాగుతుంది. సాయంత్రానికి ఆ ఆకునంతా పోగేసి అగ్గిపుల్ల గీసి, మర్నాడు గోడ మీద గుప్పెడు బియ్యం చల్లి పిట్టల కోసం ఎదురుచూసేవాళ్లను చూశాను. వండిన అన్నం పారబోసి చుట్టాన్ని మంచినీళ్లు తాగి వెళ్లమన్నట్టుంటుంది. కొండ మీద పానకాల స్వామి దగ్గర ఎంత పానకం ఒలికినా చీమ చేరదని మన ఊరి నమ్మకం. అది స్వామి మహిమ. మన పెరట్లో మాత్రం చీమ చేరాలి.

బూజుకర్ర కూడా పక్కన పెట్టండి. ఇల్లంతా దులుపుకోండి, పెరటి వసారా చూరులో బూజు వదిలేయండి. తేనెపిట్ట గూడు నిలిచేదే సాలీడు దారం మీద. ఎండుగడ్డి, బెరడు ముక్కలు, ఆకు తునకలు అన్నిటినీ ఆ బూజుతోనే కట్టి, సంచిలా కొమ్మకు వేలాడదీస్తుంది.

దర్జీ పిట్టదీ అదే దారి. నాలుగేళ్ల కిందట మా బాదం మొక్కలో, నా మోకాలంత ఎత్తులో, గూడు కుట్టింది. ఆకు అంచున ముక్కుతో పొడిచి చిల్లు చేస్తుంది. అందులోంచి దూదిపోగు ఇటు నుంచి అటు లాగుతుంది. ముడి వెయ్యదు. బయటికి వచ్చిన కొసను పీకి కుచ్చులా విప్పుతుంది, ఆ కుచ్చే పోగును జారకుండా ఆపుతుంది. ఒక్కో కుట్టు దేనికదే. యాభై ఏళ్లు గుంట మగ్గం మీద కూర్చున్న పక్కింటి తాతగారిని పిలిచి చూపించాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చాలాసేపు చూసి, "మనకి నాడె కావాలమ్మా, దీనికి ముక్కే నాడె" అన్నారు.

అది చూసిన ఉత్సాహంలో మగ్గం దగ్గర తెగిన పోగులు తెచ్చి కొమ్మలకు వేలాడదీశాను. అలా ఎప్పుడూ చెయ్యకండి. పొడుగు పోగు పిల్ల కాలికి చుట్టుకుంటే విడిపించుకోలేదు, కాలు పోతుంది. జరీ, నైలాన్ అయితే మరీ ప్రమాదం. దీపం వత్తులకని పెరట్లో ఒక పత్తిచెట్టు వేసుకునే అలవాటు మన ఇళ్లలో ఉండేది. అది మళ్లీ వేసి, రెండు కాయలు కోయకుండా వదలండి. ఆ పిట్టకు కావలసినంత పొడవు అదే తీసుకుంటుంది.

కాకి గూడు తియ్యకండి. ఎండాకాలంలో గూడు కట్టాక కాకి నెత్తి మీద తన్నేమాట నిజమే. ఆ నాలుగు వారాలు గొడుగు వేసుకుని వెళ్లండి. ఉగాదికి కోకిల కూయాలని అందరికీ ఉంటుంది. కోకిల గూడు కట్టదు, కాకి గూట్లోనే గుడ్డు పెడుతుంది, కాకే దాని పిల్లకు నోట్లో పెట్టి పెంచుతుంది. కాకి గూడున్న చెట్టును కొట్టించి కోకిల పాట వినపడటం లేదని బాధపడితే ఏం లాభం?

ఇక, కోతికి ఏమీ పెట్టకండి. ఈ మాట అన్నందుకు మా వదిన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. కోతి అంటే ఆంజనేయుడు, ఇంటికొచ్చినవాణ్ని ఉత్తచేతులతో పంపకూడదని ఆవిడ పట్టు. కొండ మెట్ల మీద కొబ్బరిచిప్పా అరటిపండూ రుచి మరిగిన కోతి మనిషి చేతిని తిండి ఉండే చోటుగా గుర్తుపెట్టుకుంటుంది. ఇవాళ అరటిపండు ఇచ్చిన చేతిని రేపు ఖాళీగా ఉందని కరుస్తుంది. ఒక్కసారి కూడా పెట్టకండి. కళ్లలోకి చూడకండి, పళ్లు బయటపెట్టి నవ్వకండి, దానికి అది కయ్యానికి పిలుపు. కరిచినా గీరినా సబ్బుతో ధారగా పావుగంట కడిగి, అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లండి. పసుపూ కారం అద్దకండి.

రక్షించకండి అని కూడా చెప్పాలి. ఇది చెప్పడం నాకు కష్టం. ఒక వేసవిలో చూరులోంచి ఉడత పిల్ల పడింది. కళ్లింకా తెరవలేదు, వీపు మీద మూడు చారలు అప్పుడే తేలుతున్నాయి. ఇంక్‌ఫిల్లర్‌తో ఆవుపాలు పట్టాను. మూడోరోజు తెల్లారేసరికి చల్లబడిపోయింది. ఆవుపాలు దానికి పడవనీ, తల్లి ఆ మొదటి రెండు రోజులూ గోడ మీద అరుస్తూ తిరిగింది ఆ పిల్ల కోసమేననీ తర్వాత తెలిసింది. మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరికి రానివ్వదన్నది ఉత్త మాట. పిల్లను మెత్తటి గుడ్డలో పెట్టి, పిల్లికి అందని ఎత్తులో, పడిన చోటికి దగ్గరగా ఉంచి ఇంట్లోకి వెళ్లిపోండి. రెక్కలు వచ్చి ఎగరలేక నేల మీద గెంతుతున్న పిట్టపిల్ల అయితే అది పడిపోయింది కాదు, ఎగరడం నేర్చుకుంటోంది. పక్కనున్న పొదలో పెడితే చాలు. ముచ్చటపడి రామచిలుక పిల్లను పంజరంలో పెట్టారా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా.

పాము సంగతికి వస్తే, చంపకండి, పాలూ పోయకండి. పాలు పాము తిండి కాదు. నాగులచవితికి పుట్ట మీద పసుపూ కుంకుమా చల్లి దణ్ణం పెట్టుకోండి, పాలగిన్నె పక్కన పెట్టి తర్వాత పిల్లలకివ్వండి. జెర్రిపోతు ఆవు కాళ్లకు చుట్టుకుని పాలు తాగుతుందంటారు, నాగుపాముతో జతకడుతుందంటారు. రెండూ నిజం కావు. దానికి విషం లేదు, అది వచ్చేది ఎలుక కోసం. దాన్ని కొట్టేస్తే ఎలుకలు మిగులుతాయి, ఎలుకలు మిగిలితే నాగుపాము వస్తుంది.

ఆకు ఊడవకపోతే పాము చేరదా అని నన్ను అడగనివాళ్లు లేరు. అడగవలసిన మాటే. అందుకే గుమ్మానికి పదడుగుల మేర నేల శుభ్రంగా ఉంచుతాను, పెంకులూ కట్టెలూ గోడవారకు పేర్చను, రాత్రి టార్చి లేకుండా పెరట్లో కాలు పెట్టను. ఇంగువా వెల్లుల్లీ ఫినాయిలూ పామును ఆపవు. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి తెలియదు, గాటు కనిపించకపోవచ్చు, తెల్లవారుజామున కడుపునొప్పితో లేచేసరికి రెప్పలు వాలిపోతుంటాయి. మంచం మీద, దోమతెర పరుపు కిందకి దోపుకుని పడుకోండి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు ఏటా సగటున 58,000 మంది పోయారని పరిశోధకుల అంచనా. కాటు పడితే కొయ్యకండి, నోటితో పీల్చకండి, తాడుతో బిగించకండి, మంత్రానికి పరుగెత్తకండి. కాలు కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.

ఎలుకల మందు పెట్టకండి. మందు తిన్న ఎలుక కొన్నిసార్లు రోజుల తరబడి తూలుతూ తిరుగుతుంది, దాన్ని పట్టిన గుడ్లగూబకూ ఆ మందు ఎక్కుతుంది. మిర్చి చేనుకు కొట్టగా మిగిలిన మందు తెచ్చి మందారానికి కొట్టడం ఇంకా ఘోరం. 2021లో మిర్చి మీద నల్ల తామర పురుగు పడ్డప్పుడు ఎన్ని మందులు కొట్టినా లొంగక రైతులు ఎంత నలిగిపోయారో మన జిల్లాకు తెలుసు. పురుగు పోయినా పోకపోయినా, దాన్ని తినే పురుగులు ముందే పోతాయి. పిచ్చుకల కోసం చూరుకు వరికంకుల కుచ్చు కడతారు, మంచిదే. పెద్ద పిచ్చుక గింజ తింటుంది. గూట్లో పిల్లకు మాత్రం మెత్తటి పురుగే తెచ్చి పెడుతుంది. పురుగు లేని పెరట్లో పిచ్చుక పిల్ల బతకదు.

చిలక కొట్టిన జామపండు తీపని తినకండి, కొరికింది గబ్బిలమో ఏమో మనకు తెలియదు. కొరికిన పండు చెట్టుకే ఉంచండి. గబ్బిలాన్ని మాత్రం తరమకండి. వినుకొండలో పుట్టిన కవి జాషువా తన కావ్యంలో కాశీలోని శివుడికి కబురు పంపింది దానితోనే.

నేను పెట్టేది ఒక్కటే, నీళ్లు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు, వెడల్పాటి మట్టి మూకుడులో రెండు వేళ్ల లోతు, మధ్యలో ఒక రాయి. ఆ రాయి మీద తేనెటీగ కూడా వాలి తాగుతుంది. రోజూ పారబోసి రుద్ది కడగాలి, లేకపోతే దోమలు.

తొలకరి పడిన రాత్రి పెరటి లైటు వెయ్యకండి. నేలలోంచి ఉసిళ్లు లేస్తాయి. పోయిన ఏడు వసారా మెట్టు మీద చీకట్లో కూర్చున్నాను. వీధి దీపం వెలుతురు గోడ మీద పడినంత మేర రెక్కలే. ముందు తూములోంచి కప్ప వచ్చింది, తర్వాత గోడ మీద బల్లులు. పైడికంటె ఒకటి కరెంటు తీగ మీంచి దిగి, గాలిలోనే ఒకదాన్ని పట్టుకుని మళ్లీ తీగ మీదకి వెళ్లింది. తెల్లారి ఏట్రింతలు, గోరింకలు, కాకులు మిగిలినవి ఏరుకున్నాయి. ఎనిమిదయ్యేసరికి జామ కింద తడిసిన ఆకుల మీద ఒట్టి రెక్కలు మిగిలాయి. వాటిని కూడా చీమలు ఒక్కొక్కటిగా నిలువునా ఎత్తి పట్టుకుని, గోడ పగుల్లోకి మోసుకుపోతున్నాయి.