లీటరు సీసాలో మా కుంట

మొన్న సోమవారం పొద్దున మా చిన్నాయన కోఠిలో బస్సు దిగేసరికి చంకలో గొడుగు, చేతిలో లీటరు నీళ్ల సీసా ఉన్నాయి. సీసా లేబులు మీద మంచుకొండ. లోపల గోంగూర ఉడికించి వార్చిన రంగు. ఊరి నుంచి వచ్చేవాళ్లు సకినాలో సీతాఫలాలో తెస్తారు. ఈయన ఏకంగా కుంటనే తెచ్చాడు.

“ఏంది చిన్నాయనా ఇది?”

“సాక్ష్యం రా. పరీక్ష చేపియ్యాలె.”

సాక్ష్యాన్ని పట్టుకుని ఫుట్‌పాత్ మీద నిలబడితే దీన్నీ అమ్మడానికే పెట్టామనుకుని బేరమాడతారు, కోఠి కదా. పక్కనే ఉన్న ఇరానీ హోటల్లోకి తీసుకెళ్లాను. రెండు చాయ్‌లకూ ఉస్మానియా బిస్కెట్ల ప్లేటుకూ మధ్య, పాలరాతి బల్ల మీద సీసా నిలబెట్టి మూత తిప్పాడు. ఉస్సుమంది. రెండు బల్లల అవతల పేపరు చదువుతున్న పెద్దమనిషి తలెత్తి చూసి, పేపరు మడిచి, సగం చాయ్ వదిలేసి వెళ్లిపోయాడు. ల్యాబు పరీక్ష సంగతి ఎలా ఉన్నా, ముక్కు పరీక్షలో మా కుంట ఫస్టు క్లాసులో పాసైంది.

కథ ఇదీ. కుంట కింద మాకు రెండెకరాల మడి. కుంట ఎగువన పక్కాయన కోళ్ల షెడ్లు, వరసగా ఐదు. షెడ్ల వెనక పెంటకుప్ప, మా ఊరి బడి కంటే ఎత్తు. తొలకరి పడగానే కుప్పలోంచి నల్లటి ఊట కాలువ కట్టి కుంటలోకి దిగుతోందని చిన్నాయన ఆరోపణ. నీళ్లు ముందు పచ్చబడ్డాయి, తర్వాత పాచి కట్టాయి, ఇప్పుడు తెల్లారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఇది చిన్నాయన కల్పన కాదు. పెంటలోని నత్రజని, భాస్వరం తిని నాచు బలుస్తుంది. పగలు ఎండలో ఆక్సిజన్ వదిలే నాచు రాత్రయ్యేసరికి అదే ఆక్సిజన్‌ను పీలుస్తుంది. చచ్చిన నాచును కుళ్లబెట్టే క్రిములు మిగిలింది పీల్చేస్తాయి. తెల్లారేసరికి నీళ్లలో ఊపిరి అడుగంటుతుంది. అందుకే మా ఊళ్లో పైన కోడి కూస్తే కింద చేప నోరు తెరుస్తుంది.

పక్కాయన మంచి మనిషే. అడిగితే దేనికీ కోపం తెచ్చుకోడు, ఓపికగా జవాబు చెబుతాడు. ఆ జవాబుల వల్లే చిన్నాయనకు బీపీ వచ్చింది.

మొదటి జవాబు: అన్ని కోళ్లూ ఆయనవి కావు. ఒకప్పుడు లక్ష కోళ్లలోపు ఫారాలను కాలుష్య మండళ్లు పెద్దగా పట్టించుకునేవి కావు. 2020లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇదేం లెక్కని అడిగితే, 2021లో కేంద్ర మండలి కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. 5 వేల కోళ్లు దాటిన ఫారం నియమాల పరిధిలోకి వస్తుందన్నారు. అది పేపర్లో చదివిన వారానికే పక్కాయన షెడ్లు పంచేశాడు. ఒకటి ఆయనది, ఒకటి భార్యది, ఒకటి కొడుకుది, ఒకటి బామ్మర్దిది, ఐదోది ఇంకా తొట్టెలో ఊగుతున్న మనవడిది. ఒక్కో షెడ్డులో 4,900. భూసంస్కరణలప్పుడు తాతలు నేర్చుకున్న విద్య మనవళ్ల దాకా చెడకుండా వస్తోంది.

రెండో జవాబు: దూరం. జలవనరుకు ఫారం 100 మీటర్లన్నా దూరంలో ఉండాలి. పక్కాయన మే నెలలో టేపు పట్టి కొలిచాడు, అప్పుడు కుంట నడిమధ్యలో బర్రె పడుకునేంత మడుగు మిగిలి ఉంది. 140 మీటర్లు వచ్చింది. చిన్నాయన సెప్టెంబరులో మత్తడి దుంకుతున్నప్పుడు కొలిచాడు, 35 వచ్చింది. ఇద్దరి టేపూ నిజమే చెప్పింది. జరిగింది షెడ్లు కాదు, కుంట. హైదరాబాదులో 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక, చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దును చెప్పే ఎఫ్‌టీఎల్ అనే మాట ఆటోవాళ్ల నోట కూడా ఆడుతోంది గానీ, మా కుంట ఎఫ్‌టీఎల్ ఎక్కడిదాకా అనేది కుంటకొక్కదానికే తెలుసు. అది ఏటా ఒకసారి వచ్చి హద్దు చూపించి పోతుంది.

మూడో జవాబు అసలైనది. “నా కోళ్లే అని ఎట్లంటవ్?” అన్నాడు. ఊరి బర్రెలన్నీ మధ్యాహ్నం అందులోనే పడుకుంటాయి. కొంగలు వచ్చి చేపలు తిని, తిన్నదానికి రసీదు అక్కడే ఇచ్చి పోతాయి. మరుగుదొడ్లు కట్టినా పొద్దున్నే కట్ట మీద గాలి పీల్చడం మానని పెద్దలున్నారు. బతుకమ్మ పూలు అందులోకే, వినాయకుడూ అందులోకే. “నువ్వు మడికి యూరియా జల్లవా?” అని చివర్లో ఒకటి వదిలాడు. మా మడి కుంటకు దిగువన కదా, నీళ్లు ఎదురెక్కవు కదా అనడం చిన్నాయనకు ఆ క్షణాన తట్టలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే తట్టింది. తగాదాల్లో మంచి జవాబులన్నీ అక్కడే తడతాయి.

ఈ మూడో జవాబు ముందు నిజంగా పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే తలలు పట్టుకున్నారు. నీళ్లలో మలం కలిసిందని కోలిఫాం చెబుతుంది, ఎవరిదో చెప్పదు. 1960ల్లో అమెరికాలో ఒక సూత్రం పుట్టింది. కోలిఫాం, స్ట్రెప్టోకోకస్ అనే రెండు రకాల క్రిముల్ని లెక్కపెట్టి నిష్పత్తి తీయాలి. 4 దాటితే మనిషి పని, 0.7 కంటే తగ్గితే జంతువు పని. ఎంత హాయి! కొన్నేళ్లకు తేలిందేమిటంటే, నీళ్లలో పడ్డాక ఒక రకం తొందరగా చస్తుంది, ఇంకో రకం మెల్లగా చస్తుంది, రోజులు గడిచేకొద్దీ మనిషి కాస్తా పశువైపోతాడు. సూత్రాన్ని అటకెక్కించారు. నత్రజని ఐసోటోపులు చూస్తే యూరియాను వేరుచేసి చిన్నాయనను నిర్దోషిగా వదిలేయొచ్చు. కోడి పెంటనూ సెప్టిక్ ట్యాంకునూ విడదీయమంటే మాత్రం అవీ నీళ్లు నములుతాయి. ఇప్పుడు పేగుల్లో బతికే క్రిముల డీఎన్ఏను బట్టి మనిషా, ఆవా, కోడా అని చెప్పే పరీక్షలున్నాయి. వాటికయ్యే ఖర్చు విని చిన్నాయన, ఆ పైసలకు ఐదు షెడ్లూ కొని మూసేయొచ్చు గదా అన్నాడు.

నాలుగో జవాబు ధర్మసూక్ష్మం. “కొల్లేరు దిక్కు దీన్ని లారీలకు లారీలు కొనుక్కుంటరు. నేను నీ కుంటకు ముఫ్తుల ఇస్తున్న.” ఇదీ అబద్ధం కాదు. చేపపిల్లల్ని వదిలే ముందు చెరువులో పేడ, కోళ్ల ఎరువు చల్లడం లెక్క ప్రకారం చేస్తే మత్స్యశాఖ ఒప్పుకునే పద్ధతే. లెక్క తప్పినచోట కథ వేరు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2006లో ఆపరేషన్ కొల్లేరని చేపల చెరువుల గట్లు పేల్చారు. అయినా హైదరాబాదు చికెన్ షాపుల పేగులూ ఈకలూ రాత్రిపూట వ్యాన్లెక్కి ఆంధ్రా చేపల చెరువులకు పోతూ దారిలో పట్టుబడటం పేపర్లలో చూస్తూనే ఉన్నాం. అక్కడ అది మేత. మా ఊళ్లో కాలుష్యం. సరుకు రెండుచోట్లా కోళ్లదే, పేరే వేరు.

సరే, చట్టం ఏమంటుందో చూద్దామని ఉమెన్స్ కాలేజీ వైపు పాత పుస్తకాల దగ్గరికి నడిచాం. ఎంసెట్ గైడ్లకూ అనాటమీ పుస్తకాలకూ కింద, అట్ట ఊడిన పర్యావరణ చట్టాల పుస్తకం దొరికింది. పాత యజమాని మొదటి నలభై పేజీల్లో ప్రతి లైను కిందా ఎర్రగీత గీశాడు, తర్వాత ఒక్క గీత లేదు. పరీక్ష రాసి ఉంటాడు, లేదా పెళ్లయి ఉంటుంది. 80 రూపాయలు చెప్పాడు. చిన్నాయన కుంట సీసాను పక్కన పెట్టి బేరం మొదలెట్టగానే 40కి దిగాడు.

1974 నాటి జల చట్టం చదివితే మొదట కళ్లు చెమరుస్తాయి. అందులో ‘ప్రవాహం’ అంటే నది ఒక్కటే కాదు, ప్రస్తుతానికి ఎండిన వాగు కూడా, సహజమైనా మనిషి తవ్విందైనా నిలవనీరు కూడా, భూమిలోపలి నీరు కూడా. మా కుంటను ఇంత గౌరవంగా పిలిచినవాళ్లు ఇప్పటిదాకా లేరు. సెక్షన్ 24 ప్రకారం అందులోకి కలుషిత పదార్థాన్ని ‘తెలిసి’ ఎవరూ వదలకూడదు, వదలనివ్వకూడదు.

ఆ ‘తెలిసి’ దగ్గర ఆగాం. కోడికి తెలియదు. పెంటకు తెలియదు. వానకు అసలే తెలియదు. పక్కాయనకు చెబితే తెలుస్తుంది, చెప్పినట్టు కాగితం ఉండాలి. చిన్నాయన రిజిస్టరు పోస్టు పంపితే ‘తలుపు తాళం’ అని తిరిగొచ్చింది. తాళం వేసిన ఆ తలుపు ముందే పోస్టుమ్యాను రెండు డజన్ల గుడ్లు కొనుక్కున్నాడని ఊళ్లో చెప్పుకుంటారు.

సెక్షన్ 21 ఇంకా రుచి. వదిలే మురుగు నమూనా కోర్టులో చెల్లాలంటే కాలుష్య మండలి మనిషే రావాలి. అక్కడికక్కడే యజమానికి నోటీసివ్వాలి. ఆయన కళ్లముందే నమూనాను రెండుగా చేసి, సీలేసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. అంటే దొంగను నిద్రలేపి, “అయ్యా, మీరు తీసిన సొత్తును మూట కడుతున్నాం, ముడి మీద ఓ చెయ్యేయండి” అనాలి. యజమాని కావాలని తప్పుకుంటే అధికారి సంతకంతోనే కానివ్వొచ్చని కూడా రాసుంది లెండి, చట్టం మరీ పసిపిల్లేం కాదు. ఎటొచ్చీ మంచుకొండ బొమ్మున్న సీసాకు మాత్రం అందులో చోటు లేదు.

ఆ ముక్క ఒక ల్యాబు కౌంటరులో కూడా విన్నాం. ల్యాబు పేరు వద్దు, ఎందుకంటే అక్కడి కుర్రాడు చెప్పిందంతా న్యాయంగానే ఉంది. అదే మా బాధ. క్రిముల పరీక్షకు ఉడికించి శుద్ధి చేసిన సీసా కావాలి. ఐసులో పెట్టి తేవాలి. ఒక్కరోజు దాటకూడదు. ఆక్సిజన్ ఎంతుందో చూడాలంటే కుంట గట్టు మీదే మందు కలిపి పట్టేయాలి. నమూనా ఒక్కటి చాలదు. ఫారానికి ఎగువన ఒకటి, కాలువ దిగేచోట ఒకటి, కుంట అవతలి ఒడ్డున ఒకటి, వానకు ముందు ఓసారి, వాన పడుతుండగా ఓసారి తీస్తేనే పోల్చి చెప్పగలరు. “బీఓడీకి, అంటే మురికి ఎంత ఆక్సిజన్ తాగుతుందో చూడ్డానికి, 27 డిగ్రీల్లో మూడు రోజులుంచాలి సార్” అన్నాడు. మూడు రోజుల్లో తేలే పని గవర్నమెంటులో ఇదొక్కటే అయ్యుంటుంది.

మళ్లీ అదే హోటలు, అదే బల్ల. చిన్నాయన పుస్తకం తిరగేసి వెనక పేజీల్లో 1999 జనవరి 27 నాటి సుప్రీంకోర్టు తీర్పు పట్టుకున్నాడు. మన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పక్కన నూనె ఫ్యాక్టరీ పెడతామన్న కేసు. కీడు జరగదని రుజువు చేయాల్సిన బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవాడిదే, అడ్డం చెప్పేవాడిది కాదన్నారు జస్టిస్ జగన్నాథరావు. చిన్నాయన ముఖం వెలిగింది.

“అయితే పక్కాయననే రుజువు చేసుకోవాలె గదరా?”

“ఆ చెరువుల నీళ్లు తాగేది హైదరాబాదు చిన్నాయనా. మన కుంట తాగేది బర్రెలు.”

ముఖం ఆరింది. అప్పుడు, ఇక దాచి లాభం లేదన్నట్టు, అసలు సంగతి బయటపెట్టాడు. నీళ్ల జాడ పట్టడానికి శాస్త్రవేత్తలు రంగు కలిపి వదులుతారని ఎక్కడో విన్నాడట. పోయిన సీజనులో బేగంబజారులో రెండు కిలోల హోలీ రంగు కొని, వాన రాత్రి గొంగడి కప్పుకుని వెళ్లి పెంటకుప్ప మొదట్లో కుమ్మరించాడు. తెల్లారేసరికి కాలువ గులాబీ, కుంటలో సగం గులాబీ, మునిగి లేచిన కొంగ కూడా కొంత గులాబీ. ఇంతకంటే రుజువేం కావాలి?

“మరింకేం? ఫిర్యాదు ఇచ్చినవా?”

“ఇయ్యబోతుంటె పక్కాయన ముందుగల్ల ఇచ్చిండు. ఫోటోలు గూడ వెట్టిండు. నేను కుంటల రంగు కలిపిన్నని.”

పుస్తకం నా వైపు తిప్పుకుని సెక్షన్ 24 మళ్లీ చదివాను. కలుషిత పదార్థం, ఉంది. ప్రవాహం, ఉంది. తెలిసి వదలడం, రెండు కిలోలకు బిల్లుతో సహా ఉంది. మా కుంట చరిత్రలో ఆ సెక్షను అక్షరం పొల్లుపోకుండా సరిపోయే మనిషి ఒక్కడే, నా ఎదురుగా బిస్కెట్ ముంచుకుంటున్నాడు.

మాట మార్చడానికి చాయ్ బాగుందన్నాను. అనకుండా ఉండాల్సింది. పాలెక్కడివని అడిగాడు. ఇప్పుడు ఎక్కడివో నాకు తెలియదు గానీ, ఈ ఊరి పాల చరిత్ర కొంచెం తెలుసు. కోఠి దాటితే మూసీ. నగరం మురుగంతా మోసుకుని దిగువకు పోయే ఆ నీళ్లతోనే ఒడ్డు పొలాల్లో పారా గడ్డి ఏపుగా పెరిగేది. ఆ గడ్డి మోపులు నగరంలోని బర్రెల కొట్టాలకు వచ్చేవి. పరిశోధకులు ఏళ్ల తరబడి ఆ పొలాల వెంట తిరిగి వ్యాసాలు రాశారు. బర్రె పాలు చాయ్‌లోకి, బర్రె పేడ మోరీలోకి, మోరీ మూసీలోకి, మూసీ గడ్డిలోకి. ఇందులో ఎవరు ఎవరి నీళ్లు పాడు చేస్తున్నారో, నమూనా ఎక్కడ తీయాలో, ఎవరి కళ్లముందు సీలేయాలో ఏ సెక్షనులో రాస్తారు?

చిన్నాయన గ్లాసులోకి చూసి, సీసా వైపు చూడబోయాడు. సీసా లేదు.

బల్ల తుడిచే పిల్లాడు గ్లాసులతో పాటు దాన్నీ తీసుకెళ్లాడు. మేం లేచి వెళ్లేసరికి హోటల్ వెనక మోరీ దగ్గర వంగి, ముక్కు ఒక చేత్తో మూసుకుని, రెండో చేత్తో చివరి గుక్క వంచేస్తున్నాడు. “క్యా థా సాబ్ యే?” అంటూనే ఖాళీ సీసాను కాలితో అణిచి కబాడీ సంచిలో పడేశాడు. పచ్చటి నీళ్లు మోరీలో బుడగలు బుడగలుగా పోయి, గిన్నెలు కడిగిన నురగలో కలిసిపోయాయి.

చిన్నాయన నడుము మీద చేతులు పెట్టుకుని కాసేపు ఆ మోరీనే చూశాడు.

“గిది యాడికి వోతదిరా?”

“మూసీలకు.”

“ఎవలన్న సంతకం జేసిండ్రా?”