అడుగుకు పావంగుళం

నీరు పల్లమెరుగు అన్న సామెత ఒక్కటే నాకు తెలిసిన ప్లంబింగ్. దాన్నే నమ్ముకుని న్యూజెర్సీలో మా ఇంటి బేస్‌మెంట్ నేల పగలగొట్టాను.

పండక్కి వచ్చిన చుట్టాలూ స్నేహితులూ అంతా కింద పెద్ద తెర ముందు చేరతారు. బాత్రూమ్ మాత్రం పైన. సినిమాలో పాట వచ్చినప్పుడల్లా మెట్ల మీద తొక్కిసలాట. "కింద కూడా ఒకటి ఉంటే బావుంటుందండీ" అంది మా ఆవిడ. ప్లంబర్‌ని పిలిచాం. ఆయన చెప్పిన రేటు విని, ఒక గొట్టం వాలుగా పడుకోబెట్టడానికి ఇంతా అని నవ్వాను. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చుని కోడు రాసేవాడికి ఇదో లెక్కా? సొంత ఇంట్లో కాపురముంటున్న యజమాని పర్మిట్ తీసుకుని ఈ పని తానే చేసుకోవచ్చని ఇక్కడి రూలు. ఆ రూలు రాసినవాళ్ళు నన్ను చూసి ఉండరు.

జాక్‌హామర్ అద్దెకు తెచ్చాను. దాన్ని నేను పట్టుకున్నానో, అది నన్ను పట్టుకుందో చూసినవాళ్ళే చెప్పాలి. 4 అంగుళాల కాంక్రీటు పగిలిన మాట నిజం. ఆ దుమ్ము మాత్రం ఫర్నేస్ గొట్టాల్లో దూరి ఇల్లంతా తిరిగి, పై అంతస్తు పూజగదిలో వేంకటేశ్వరస్వామికి విభూతి పూసి వచ్చింది. మా ఆవిడ మిగతావన్నీ క్షమించింది గానీ, ఇది ఇంకా పెండింగులోనే ఉంది.

అప్పటికి మా మామగారు మా దగ్గరే ఉన్నారు. గోదావరి డెల్టాలో ఇరిగేషన్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన సంగతి నుంచి, డెల్టా కాలవలకి మైలుకి అంగుళాల లెక్కన ఇచ్చిన వాలు దాకా కాఫీ చల్లారేలోగా చెప్పగలరు. నేను తవ్విన గోతిలోకి టార్చి వేసి చూసి, "అల్లుడుగారూ, ఇది కాలవా, జలపాతమాండీ?" అన్నారు.

వాలు ఎంత ఎక్కువైతే అంత మంచిదని నా సిద్ధాంతం. టాయిలెట్‌కి కనీసం 3 అంగుళాల గొట్టం కావాలి, దానికి అడుగుకు పావంగుళం వాలు. మా టాయిలెట్ నుంచి మెయిన్ లైనుకి 16 అడుగులు. అంటే మొత్తం మీద దిగాల్సింది 4 అంగుళాలు. నేను ఉదారంగా రెట్టింపు దించాను. దాంతో గొట్టం చివర మెయిన్ లైనుకన్నా కిందికి పోయి కూర్చుంది. పల్లమెరిగిన నీళ్ళు ఇక అక్కడినుంచి కదలవు. పైగా వాలు మరీ ఎక్కువైతే నీళ్ళు ముందే పరుగెత్తి, మోసుకుపోవలసినదాన్ని వెనకే వదిలేస్తాయని పాత ప్లంబర్ల మాట. మామగారు ఈ విషయాన్ని 'ఒండ్రు' అనే మర్యాద మాట వాడి, భోజనాల దగ్గర సవిస్తరంగా బోధించారు.

గోతిని సరిచేసి, లెవెల్ పెట్టి చూసుకుంటూ గొట్టాలు అతికించాం. ఊదారంగు ప్రైమర్ గొట్టాలకన్నా నా చొక్కాకే ఎక్కువ పట్టింది. టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టర్ చూసేదాకా మట్టి కప్పకూడదు. ఆయన వచ్చి, వాలు చూసి తలూపాడు. మామగారు మీసం సవరించుకున్నారు. "మరి గాలి ఎక్కడినుంచి వస్తుంది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కాలవకి పైన ఆకాశం ఉంటుంది. మూసిన గొట్టానికి ఆ ఏర్పాటు లేదు, వెంట్ పైపు వెయ్యాలి. లేకపోతే ఫ్లష్ చేసినప్పుడు పరుగెత్తే నీళ్ళు సింకు, షవర్ ట్రాపుల్లో నిలవుండే కాసిని నీళ్ళని కూడా లాగేస్తాయి. మురుగు వాసనకి అడ్డు ఆ నీళ్ళే. అవి పోతే సంక్రాంతికి వచ్చినవాళ్ళు ఉగాదికి రారు.

వెంట్ వేశాం, పాసయ్యాం, కాంక్రీటు పోశాం. టాయిలెట్ బిగించే నేలలోని రంధ్రం మధ్యనుంచి వెనక గోడకి 12 అంగుళాలుండాలి. నేను జాగ్రత్తగా కొలిచే పెట్టాను, కాకపోతే గోడ చెక్క ఫ్రేము నుంచి. దాని మీద అరంగుళం షీట్‌రాక్, ఆ పైన టైల్ ఎక్కాక టాయిలెట్ ట్యాంకుకి గోడ అడ్డమొచ్చింది. చివరికి 10 అంగుళాల దూరానికి చేసిన మోడల్ వెతికి, ఎక్కువ ధర పెట్టి కొన్నాను. ఇప్పుడు ట్యాంకు వెనక కాస్త సందు మిగిలింది. మా ఆవిడ వచ్చినవాళ్ళకి ముందు ఆ సందు చూపించి, తర్వాత కాఫీ ఇస్తుంది.

మీకూ ఇలాంటి కోరిక పుడితే ముందు నేల చూడండి. మూత వేసిన గొట్టాలు పైకి లేచి ఉంటే బిల్డర్ సగం పని చేసిపెట్టినట్టే. మెయిన్ లైను నేల కింద కాక గోడలోంచి ఎత్తున బయటికి పోతుంటే ఎంత తవ్వినా లాభం లేదు, గుంతలో ఎజెక్టర్ పంపు పెట్టి పైకి తోడించాల్సిందే. ప్లంబర్ రేటు చెప్పినప్పుడు నవ్వకండి. బేరమాడండి, పని మాత్రం ఆయనకే ఇవ్వండి.