షిఫ్టు దిగినాక పాఠం

నేను హార్మోనియాన్ని. 39 మెట్లు, రెండు వరసల ఇత్తడి రీడ్లు, వెనక మడతల తిత్తి. ఉండేది ఇస్నాపూర్ చౌరస్తాకు కాస్త లోపల, రెండు గదుల ఇంట్లో. ఆ ఇంటి ముందు గదిలో సాయంత్రాలు సంగీతం చెప్పే మనిషిని అందరూ సారు అంటారు. పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు ఆయన శిష్యులు. నా కథ చెప్పాలంటే ఆయన కథే చెప్పాలి. తిత్తి ఊదే చెయ్యి లేకపోతే నా దగ్గర గాలి తప్ప ఏముంది?

మా వంశం సంగతి కొంచెం చెబుతాను. 1842లో పారిస్‌లో అలెగ్జాండ్ర్ దెబేన్ అనే ఆయన హార్మోనియానికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో మాది బల్లంత ఒళ్లు. కాళ్లతో తొక్కాలి, కుర్చీలో కూర్చుని వాయించాలి. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875 ప్రాంతంలో మమ్మల్ని పెట్టెంత చేసి, తిత్తిని వెనక్కి మార్చి, ఒక చేత్తో ఊదుతూ ఇంకో చేత్తో వాయించేలా చేశాడు. అక్కడి నుంచి నేల మీద కూర్చుని పాడే మనుషుల మధ్యకి వచ్చేశాం. తెలుగు నేల మీద నాటకం మమ్మల్ని నెత్తిన పెట్టుకుంది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన నాటక సమాజం మేం లేకుండా పద్యం ఎత్తలేదు. ఆ సురభి కుటుంబాల కాలనీ శేరిలింగంపల్లిలో ఉంది. మా ఇంటి నుంచి పట్నం వెళ్లే దారిలోనే.

అవమానమూ చూశాం. 1940 మార్చి 1 నుంచి ఆల్ ఇండియా రేడియో మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. మా మెట్లు ఎక్కడివక్కడ బిగిసి ఉంటాయి, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారలేం, గమకం పలకలేం అని కారణం. 1971లో ఆ ఆంక్ష కొంత సడలింది. కారణంలో నిజం ఉంది, నేను కాదనను. గమకం నాకు రాదు. అయితే ఆ మూడు దశాబ్దాలూ పల్లెల్లో భజన మందిరాలు, నాటకాల పందిళ్లు మమ్మల్ని వదల్లేదు. వీణ కొనలేని, తంబూరా ఎన్నడూ చూడని మనిషికి ఆధార షడ్జం వినిపించింది మేమే. ఈ మాట గట్టిగానే చెబుతాను.

నన్ను కొన్నది సారు వాళ్ల నాయిన. మంజీర ఒడ్డున సంగారెడ్డికి దగ్గరి పల్లె ఆయనది. చిరుతల రామాయణం నేర్పే పంతులు. ఈ పని తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. పంట కోతలయ్యాక ఒక ఊరి పెద్దలు వచ్చి పంతుల్ని మాట్లాడుకుని పోతారు. ఆయన నన్ను నెత్తిన పెట్టుకుని ఆ ఊరికి నడుస్తాడు. నెలల తరబడి రాత్రిపూట నేర్పుడు. పొద్దంతా నాగలి పట్టినవాడు రాత్రి రాముడవుతాడు, మేకలు కాసే పిల్లగాడు సీత వేషం కడతాడు. చదువు రానివాళ్లకు పాట నోటితోనే ఎక్కించాలి. చేతిలో చెక్క చిరుతలు, కాళ్లకు గజ్జెలు, గుండ్రంగా తిరుగుతూ అడుగు. పంతులు ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో తినేవాడు. ఆట కట్టే రాత్రి ఊరంతా చదివింపులు చదివిస్తుంది. పంతులుకు ధోతి, పైసలు, కొన్ని చోట్ల ఒడ్లు. ఆ ఊళ్లలో ఏ బడి పుస్తకంలోనూ ఆయన పేరు లేదు. కానీ ఆయన నేర్పిన పాట మీద రెండు తరాలు అడుగు వేశాయి.

అదే కాలంలో రోడ్డు పొడుగునా ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ 1960ల్లోనే వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పెట్టారు. ఆ పక్కనే పారిశ్రామికవాడ, 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం. చిరుతలు పట్టిన చేతులు ఒక్కొక్కటే గేటు పాసులు పట్టాయి. రాత్రి షిఫ్టు ఉన్నవాడు రాత్రి నేర్పుడుకు ఎట్లా వస్తాడు? పంతులును పిలిచే ఊళ్లు తగ్గాయి. ఆయన కొడుకు, అంటే మా సారు, ఒక మందుల కంపెనీలో హెల్పరుగా చేరాడు. నన్ను గోనెసంచిలో చుట్టి బస్సు టాపు మీద వేసుకుని ఇస్నాపూర్‌కు తెచ్చాడు.

పాఠం చెప్పాలని అనుకుని మొదలుపెట్టలేదు. సెలవునాడు వాయించుకుంటుంటే పక్కింటి పిల్ల గడప దగ్గర నిలబడింది. వాళ్లమ్మ వచ్చి, "అన్నా, మా పిల్లకు గూడ జెర చెప్పరాదే" అంది. నెల తిరిగేలోగా గది నిండింది. ఏ షిఫ్టు పొద్దున ఆరుకు, బీ షిఫ్టు మధ్యాహ్నం రెండుకు, సీ షిఫ్టు రాత్రి పదికి. షిఫ్టు వారం వారం మారేది, దాన్ని బట్టి క్లాసు వేళా మారేది. సారు పొద్దున షిఫ్టులో ఉంటే సాయంత్రం పాఠం. బీ షిఫ్టులో ఉంటే పిల్లలు బడికి పోకముందే. తలుపు మీద సుద్దముక్కతో ఆ వారం వేళ రాసి ఉండేది.

ఆయన నేర్పే పద్ధతి తండ్రిదీ కొంత, తర్వాత నేర్చుకున్నదీ కొంత. సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు అన్నీ మాయామాళవగౌళలోనే చెబుతాడు, పురందరదాసు వేసిన బాట అది. మొదటి నెల నన్ను ముట్టనివ్వడు. షడ్జం, పంచమం, పై షడ్జం నొక్కి పట్టి, "ఇనుండ్రి, ఇంకేం జెయ్యకుండ్రి" అంటాడు. రోజంతా మిషన్ల మోతలో ఉండి వచ్చిన మనిషికి అది చిన్న పని కాదు. ఒక వెల్డరు ఉండేవాడు. చెవుల్లో మోత ఆగడానికే పది నిమిషాలు పడుతుందని చెప్పేవాడు. ఆ తర్వాత గొంతు తెరిస్తే ఒకటిన్నర శ్రుతిలో తిన్నగా నిలబడేది. సంగీతం టీచరు కచేరీ చేసేవాళ్లను తయారుచేయాలని లోకం అనుకుంటుంది. ఈ గదిలో కచేరీ విద్వాంసుడు ఒక్కడూ తయారు కాలేదు. పక్కవాడి గొంతు వింటూ తన గొంతు కలపడం తెలిసినవాళ్లు తయారయ్యారు. ఒక్కొక్కరు ఒక్కో జిల్లా నుంచి, ఒక్కో రాష్ట్రం నుంచి వచ్చి అద్దె గదుల్లో బతికే చోట అది ఎంత అవసరమో నేను ప్రతి సాయంత్రం చూశాను.

నా ఆరోగ్యం గురించి కూడా చెప్పాలి. ఇక్కడి గాలి ఇత్తడికి మంచిది కాదు. ఒకప్పుడు రాత్రిపూట ఘాటు వాసన వదిలితే కిటికీలు మూసుకునేవాళ్లం. నా రీడ్ల మీద పచ్చటి చిలుము లేచేది. రీడు ఒక్క పిసరు బరువెక్కినా స్వరం దిగిపోతుంది. సారు పెట్టె విప్పి, సన్నటి ఆకురాయితో రీడు కొన దగ్గర గీకుతాడు, స్వరం ఎక్కుతుంది. ఎక్కువ ఎక్కితే మొదలు దగ్గర గీకుతాడు, దిగుతుంది. ఈ పని కలకత్తా మేస్త్రీల దగ్గర నేర్చుకోలేదు, ఫ్యాక్టరీలో ఫిట్టర్ల పక్కన నిలబడి ఆకురాయి పట్టడం నేర్చుకున్నాడు. అదే గాలి, ఇక్కడి నీళ్లు మనుషుల ఒంట్లోకీ పోయాయి. మంజీరలో కలిసే నక్కవాగు పాడైందని రైతులు రోడ్డెక్కిన రోజులు, 1990లో ఆ కాలుష్యం కేసు సుప్రీంకోర్టుకు చేరిన రోజులు ఈ ప్రాంతం మరచిపోలేదు. సారు నాయిన ఊరి చుట్టాలు ఆ ఊరేగింపుల్లో పాటలు కట్టి పాడారు. రీడు చిలుమును గీకి తీయొచ్చు. వాగుకు అలాంటి ఆకురాయి లేదు.

క్లాసు నుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఊళ్లోకి వెళ్లాను. రుద్రారం గణేశ్ గడ్డ మీద భజన, బీరంగూడ గుట్ట మీద శివరాత్రి జాగారం, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప స్వాముల పడిపూజలు. పాశమైలారం వైపు ఒడిశా కార్మికుల గదుల్లో కీర్తన ఉంటుంది. వాళ్ల పెట్టె రీడు పోతే మా సారు దగ్గరికే తెస్తారు, ఆయన పైసలు తీసుకోడు. ఖవ్వాలీ పాడేవాళ్లకూ నన్ను అరువిచ్చాడు. ఒక పెట్టె ఇన్ని దేవుళ్ల దగ్గరికి పోతే ఎట్లా అని ఎవరో అడిగితే, "స మాత్రం అందరిదీ ఒక్కటే గదా" అన్నాడు. 2011లో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగిన 42 రోజుల్లో రోడ్డు పక్క టెంట్లలోనూ ఉన్నాను. గొంతులు బొంగురుపోయిన ఆ జనానికి రోజురోజుకూ శ్రుతి తగ్గించి ఇవ్వాల్సి వచ్చింది. 2024 జూన్ 2న అందెశ్రీ రాసిన పాట రాష్ట్ర గీతంగా అమల్లోకి వచ్చాక చుట్టుపక్కల బళ్ల పిల్లలు నేర్చుకోవడానికి వస్తే, సారు పలుకు ఒత్తులు సరిచేస్తూ ఓపికగా కూర్చున్నాడు.

సారు భార్య ఒక కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసింది. ఈ ఇంట్లో అందరికంటే మంచి గొంతు ఆమెది. క్లాసులో మాత్రం ఒక్కనాడూ కూర్చోలేదు. "నాకు నేర్పుడేంది? మా అవ్వ నేర్పింది" అనేది. బతుకమ్మ నాడు గల్లీ ఆడవాళ్లంతా ఆమె ఎత్తుగడ కోసం చూస్తారు. ఆ తొమ్మిది రోజులూ నన్ను ఎవరూ తాకరు. చప్పట్లే తాళం, ఆమె గొంతే శ్రుతి. సారు అరుగు మీద కూర్చుని వింటాడు, ఎక్కడా కల్పించుకోడు. ఆయన గురుత్వంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

లోటు లేదని అనను. బడిలో సంగీతం టీచరు కావాలంటే సర్టిఫికెట్ ఉండాలి, డిప్లొమా ఉండాలి. హైదరాబాద్ రాంకోటిలోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత కళాశాలకు రోజూ పోయి రావడం షిఫ్టు మనిషికి సాధ్యపడలేదు. అందుకే ఆయన జీవితమంతా రిజిస్టర్లో హెల్పరే. కూతురు పుట్టినప్పుడే, ఆమెతోనైనా డిప్లొమా చేయించాలని పట్టుబట్టాడు. ఆ పిల్ల ఈ గదిలో మొదలుపెట్టి, పరీక్షలు ఒక్కొక్కటీ రాసి డిప్లొమా తెచ్చుకుంది. 2023లో గురుకులాల్లో మ్యూజిక్ టీచరు పోస్టులకు నోటిఫికేషన్ పడింది. ఆ పిల్లకు ఉద్యోగ ఉత్తర్వు వచ్చిన రోజు సారు ఆ కాగితాన్ని నా మూత మీద పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, మూడుసార్లు చదివాడు. "నీ తాత పేరు గూడ ఇండ్ల రాస్తె బాగుండు బిడ్డా" అన్నాడు.

2025 జూన్ 30న పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పేలింది. నలభై మందికి పైగా చనిపోయారు. చాలామంది ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు. ఆ వారం తలుపు మీద వేళ రాయలేదు. కీర్తన పాడే ఒడిశా కుర్రాళ్లు తర్వాతి వారం వచ్చి, ఊళ్లకు పంపాల్సిన సామాన్లు కట్టడానికి సాయం అడిగారు. సారు, ఆయన శిష్యులు రెండు రోజులు ఆ పనే చేశారు. ఆ నెలంతా నన్ను తెరవలేదు.

ఇప్పుడు సారు రిటైరయ్యాడు. కూతురు ఆదివారాలు వచ్చి క్లాసు తీసుకుంటుంది. తండ్రీకూతుళ్ల మధ్య నా గురించే వాదన. "నాయినా, పిల్లలు మెట్లు చూసి పాడుతున్నరు, గమకం వస్తలేదు. తంబూరా యాప్ పెడదాం, దీన్ని పక్కకు పెట్టు" అంటుంది. "చిరుతల పాటకు తంబూరా ఏం జేస్తది బిడ్డా? అడుగుకు ఊపు గావాలె" అంటాడు ఈయన. ఆమె చెప్పేది శాస్త్రం, ఆయన చెప్పేది పొలం గట్టు మీద పుట్టిన అనుభవం. నాకు ఇద్దరి మాటా సమ్మతమే. పోయిన నెల ఒక ఒప్పందానికి వచ్చారు: గీతాలు, వర్ణాలు ఆమె తంబూరాతో చెబుతుంది, చిరుతల రామాయణం పాటలు మాత్రం నా మీదే. సంగారెడ్డి దగ్గరి పల్లె నుంచి కొందరు యువకులు ఆట నేర్పమని వచ్చారు. ఇద్దరు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, ఒకడు ఐటీఐ. రాముడి వేషానికి ఇంకా ఎవరూ కుదరలేదు. వచ్చే ఆదివారం గొంతులు చూస్తానన్నాడు సారు.