మా రోజుల్లో పాఠానికి సాక్షులుండేవారు

మా రోజుల్లో కొత్త పంతులు పాఠం చెబుతుంటే ఎవరో ఒకరు వెనక కూర్చుని వినేవారు. ఇప్పుడు వినేవాళ్లు లేరు. నా బాధంతా ఇదే.

2025 మెగా డీఎస్సీకి 16,347 పోస్టులతో ప్రకటన వచ్చింది. సెప్టెంబరు 25న అమరావతిలో పెద్ద సభ పెట్టి నియామక పత్రాలిచ్చారు. అంతకు ముందటేడు తెలంగాణలోనూ అంతే, అక్టోబరు 9న హైదరాబాదు ఎల్బీ స్టేడియంలో పంచారు. ఆ పత్రాలు అందుకున్న పిల్లల్ని టీవీలో చూసి నాకు కళ్లు చెమర్చాయి. అవనిగడ్డ లాంటి చోట్ల ఇరుకు గదుల్లో ఉండి, హాస్టలు మెస్సుల్లో తిని, ఏళ్ల తరబడి చదివి తెచ్చుకున్న ఉద్యోగాలవి. వాళ్ల చదువు మీద నాకు చిన్నచూపు లేదు. సైకాలజీ, పెడగాజీ వాళ్లకు వచ్చినంత మాకు రాదు. టెట్ అనే గండం మా కాలంలో లేదు.

నా కోపం వాళ్ల మీద కాదు. పత్రం చేతిలో పెట్టి, ఓ వారం హాల్లో కూర్చోబెట్టి, ఇక నువ్వు టీచరువి పో అని ఊరి మీదికి తోలే పద్ధతి మీద.

మా తమ్ముడి మనవరాలికీ ఈ మధ్యే ఎస్జీటీ ఉద్యోగం వచ్చింది. శిక్షణలో రాసుకున్న నోటు పుస్తకం చూపించింది. సెలవు నిబంధనలు, ప్రవర్తనా నియమావళి, యాప్‌లు, పథకాల పేర్లు, మూల్యాంకనం గురించి పెద్ద పెద్ద మాటలు అన్నీ ఉన్నాయి. బడిలో చేరాక ఒకరోజు ఫోన్ చేసింది. "తాతయ్యా, అయిదు తరగతులకీ ఇద్దరమే ఉన్నాం. రెండో తరగతికి లెక్కలు చెబుతుంటే ఒకటో తరగతి పిల్లలు లేచి బయటికి పోతున్నారు. ఎట్లా చెయ్యాలి?" అంది. నోటు పుస్తకంలో ఆ ఒక్క ప్రశ్నకు జవాబు లేదు.

ఆ ప్రశ్నకు నాకు జవాబు చెప్పిన మనిషి ఉన్నాడు.

నేను ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతంలో సమితి బడిలో చేరింది 1979లో. అప్పటికి మండలాలు లేవు, పంచాయతీ సమితులే. అంతకు ముందు ట్రైనింగ్ స్కూల్లో క్రిటిసిజం లెసన్ అని ఒకటి ఉండేది. ఒకరు పాఠం చెప్పాలి, తోటివాళ్లందరూ, లెక్చరరూ వెనక కూర్చుని తప్పులు రాసుకోవాలి, తర్వాత నిలబెట్టి అడగాలి. ప్రశ్న ఎందుకు అలా వేశావు, నల్లబల్ల మీద ఆ బొమ్మ ఎందుకు అంత చిన్నగా గీశావు, మూలన కూర్చున్న పిల్లవాడిని ఒక్కసారైనా చూశావా అని. ఏడుపొచ్చేది. కానీ ఆ ఏడుపుతోనే పాఠానికి లెక్క చెప్పాలన్న భయం మా ఒంట్లో చేరింది.

బడిలో చేరాక అసలు చదువు మా హెడ్మాస్టరు గారి దగ్గర మొదలైంది. మొదటి వారం నాకు తరగతి ఇవ్వలేదు. తన పక్కన కుర్చీ వేయించి, "చూస్తా ఉండు" అన్నారు. ఆయన అయిదు తరగతుల్ని ఒకే తాటాకు కప్పు కింద నడిపే తీరు చూడాల్సిందే. నోటితో చేసే పని వేరు, చేత్తో చేసే పని వేరు అనేవారు. ఒక తరగతికి నోటి పని పెడితే మిగిలిన తరగతులన్నిటికీ చేతి పని ఉండి తీరాలి. మూడో తరగతి వాచకం చదువుతుంటే ఒకటో తరగతి ఇసుకలో అక్షరాలు దిద్దుతూ ఉండాలి, రెండో తరగతి చింతగింజలతో కూడికలు చేస్తూ ఉండాలి, నాలుగో తరగతి పలకల మీద ఎక్కాలు రాయాలి, అయిదో తరగతిలో ఒకడు ఒకటో తరగతి వరసల మధ్య తిరుగుతూ గుణింతాలు సరిచూడాలి. ఏ తరగతీ మాస్టారి కోసం ఊరికే కూర్చుని ఉండకూడదు. ఎవరు ఎవరి వెనక కూర్చోవాలో, గుమ్మం దగ్గర ఏ తరగతిని కూర్చోబెట్టాలో కూడా ఆయనకు లెక్క ఉండేది. పారిపోయే వయసు పిల్లల్ని గోడ వైపే కూర్చోబెట్టేవారు.

రెండో వారం నుంచి నేను చెబుతుంటే ఆయన వెనక కూర్చున్నారు. పిల్లల ముందు ఒక్క మాట అనేవారు కాదు. సాయంత్రం బడి విడిచాక వేపచెట్టు కింద చెప్పేవారు. బల్లకు ఎదురుగా నిలబడి రాస్తే పిల్లలకు కనబడేది నీ వీపే, పక్కకు జరిగి రాయి. ప్రశ్న ముందు అడుగు, పేరు తర్వాత పిలువు, పేరు ముందు పిలిస్తే మిగిలిన వాళ్లంతా నిశ్చింతగా కూర్చుంటారు. అక్షరం గుండ్రంగా రాయి, ఒకటో తరగతి పిల్లలు నీ చేతిరాతే నేర్చుకుంటారు. శ, ష, స తేడా నువ్వు పలక్కపోతే ఈ ఊళ్లో ఇంకెవరు పలుకుతారు? ఇలాంటివి ఒక్కొక్కటిగా, రోజుకు ఒకటి రెండు మించకుండా చెప్పేవారు. ఒకేసారి పది చెబితే ఏదీ నిలవదని ఆయన నమ్మకం. ఇప్పటి శిక్షణ పాఠాలు రాసేవాళ్లు ఈ ఒక్క సంగతి పట్టించుకున్నా బాగుండు.

ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని ఊళ్లో తిరిగేవారు. ఏ ఇంట్లో ఎందరు పిల్లలున్నారు, ఎవరిని పొగాకు ఆకు అల్లే పనికి పంపుతున్నారు, ఏ తండ్రితో మెత్తగా మాట్లాడాలి, ఏ తల్లికి చెబితే పని అవుతుంది అని చూపించారు. ఆ తర్వాతే అడ్మిషన్ రిజిస్టరు, టి.సి. పుస్తకం, హాజరు పట్టీ ఎలా రాయాలో నేర్పారు. పిల్లలు ముందు, కాగితం తర్వాత.

ఇప్పుడు వరస తిరగబడింది. బడిలో అడుగుపెట్టిన కొత్త టీచరుకు మొట్టమొదట నేర్పేది ఫోనులో ముఖం చూపి హాజరు వేసుకోవడం. తర్వాత భోజనం లెక్క, యూడైస్ వివరాలు. ఇవన్నీ గడువు లోపల పూర్తికాకపోతే ఫోను మోగుతుంది. రెండో తరగతి పిల్లవాడికి చదవడం రాకపోతే మాత్రం ఏ ఫోనూ మోగదు.

ఆ కాలమంతా బంగారమని అనడం లేదు. నాతోపాటు శిక్షణ పొందినవాళ్లలో కొందరు ఏకోపాధ్యాయ బడుల్లో పడ్డారు. వాళ్లకు పక్కన కుర్చీ వేసిన పెద్దదిక్కు లేదు. వాళ్ల ఊళ్లో పిల్లలు ఏ మాత్రం నేర్చుకున్నారో నాకు తెలుసు. ఎనభైల్లో నెలకు 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లను వేశారు, వాళ్లను 398 టీచర్లనే పిలిచేవారు. అది అన్యాయం. బడికి కనీసం ఇద్దరు టీచర్లుండాలని 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చాక గానీ ప్రభుత్వానికి గట్టిగా తట్టలేదు.

నేను చూసిన వాటిలో మంచి రోజులంటే ఎపిపెప్ రోజులే. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1984లో కొన్ని బడుల్లో మొదలై, 1989 నుంచి పెద్దదైన ప్రాథమిక విద్యా పథకం అది. చుట్టుపక్కల బడుల మాస్టార్లమంతా టీచర్ సెంటరులో కలిసేవాళ్లం. ఒకరు నిజంగా పిల్లల్ని పెట్టి పాఠం చెప్పేవారు, మిగిలినవాళ్లం చూసి వాదించుకునేవాళ్లం. చేసి నేర్చుకోవడం, చుట్టూ ఉన్న పరిసరాలనే పాఠానికి వాడుకోవడం, పిల్లలు చేసినవి గోడలకు పెట్టడం, ఇవన్నీ అక్కడే మా చేతుల్లోకి వచ్చాయి. కొత్తగా చేరినవాళ్లు ఆ మీటింగుల్లో పెద్ద మాస్టార్ల పక్కనే కూర్చునేవారు. తర్వాత డిపెప్ వచ్చింది, సర్వశిక్షా అభియాన్ వచ్చింది, శిక్షణలు ఎక్కువయ్యాయి. కానీ రాష్ట్రంలో చెప్పింది జిల్లాకు, జిల్లాలో విన్నది మండలానికి చేరేసరికి పాఠం పోయి మాటలే మిగిలాయి. స్కూల్ కాంప్లెక్సు సమావేశాల్లో పాఠం కంటే సర్క్యులర్లు చదవడానికే పొద్దు చాలదు. దీక్ష, నిష్ఠ అని ఇప్పుడు శిక్షణ ఫోనులోకే వచ్చేసింది. వీడియో నడుస్తుంటుంది, టీచరు ఇంటిపని చేసుకుంటుంది, చివర సర్టిఫికెట్ దిగుతుంది. తప్పు టీచరుది కాదు. ఆ వీడియోకు ఆమె తరగతి కనిపించదు.

బీఈడీ 2015 నుంచి రెండేళ్లయింది, అందులో 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉండాలన్నారు. మంచి నిర్ణయమే. కాకపోతే ఆ వారాలు హాజరు పుస్తకంలోనే గడిచిపోయే కాలేజీలు ఉన్నాయని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2020 జాతీయ విద్యా విధానం టీచర్లు ఏడాదికి 50 గంటల శిక్షణ పొందాలంది. అనుభవజ్ఞులైన, పదవీ విరమణ చేసిన అధ్యాపకుల చేత కాలేజీ అధ్యాపకులకు అండ ఇప్పిస్తామని కూడా రాసింది. కాలేజీ వాళ్లకే అంత అవసరమైతే, ఆరేళ్ల పిల్లలు ముప్ఫై మందిని ఒక్కతే పట్టుకోవాల్సిన మా మనవరాలికి ఇంకెంత అవసరం? జపానులో 1989 నుంచి కొత్త టీచరుకు మొదటి ఏడాదంతా అనుభవమున్న టీచరు మార్గదర్శిగా ఉండేలా ఏర్పాటు చేశారు. మనం ఆ ఏడాదిని ఏడు రోజులకు కుదించాం.

ఇంకో అన్యాయం ఉంది. పాత టీచర్ల బదిలీలు ముందు జరుగుతాయి, కొత్తవాళ్లకు మిగిలిన ఖాళీలిస్తారు. అంటే రోడ్డు లేని ఊళ్లు, ఏజెన్సీ గూడేలు, ఒక్క టీచరే ఉన్న బడులు. అనుభవం ఎక్కువ కావలసిన చోటికి అనుభవం లేనివాళ్లను పంపుతున్నాం. పిల్లల ఇంటి భాష సవరో, గోండో అయితే కష్టం ఇంకా రెట్టింపు. కొత్త ఎద్దును పాత ఎద్దు పక్కన కాడికి కట్టకుండా నేరుగా దున్నడానికి తోలే రైతు మా ఊళ్లో ఒక్కడూ లేడు.

జిల్లా విద్యాశాఖ వాళ్లను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. కొత్త టీచర్ని మొదటి ఏడాది ఒంటరి బడికి పంపకండి. పంపక తప్పకపోతే వారంలో ఒకరోజు ఆమెను పక్క ఊరి మంచి బడికి పంపండి, ఇంకోరోజు ఆ బడి మాస్టార్ని ఇక్కడికి రప్పించి పాఠం వినమనండి. ఆ ఏడాది ఆమె మీద యాప్‌ల భారం తగ్గించండి. మాలాంటి రిటైరైన వాళ్లం ప్రతి మండలంలోనూ ఉన్నాం. మాకు గౌరవ వేతనం అక్కర్లేదు, బస్సు చార్జీలిస్తే చాలు. హెడ్మాస్టర్లకు ఒక్క మాట: మీ బడికి కొత్త టీచరు వస్తే ఈ సోమవారమే ఆమె తరగతిలో వెనక కూర్చుని పాఠమంతా వినండి, సాయంత్రం ఆమెతో మాట్లాడండి. దానికి ఏ జీవో రానక్కర్లేదు.