గరగర పోగొట్టేవాళ్లం మేం

ఈమధ్య కళింగపట్నంలో గిటారు పట్టిన కుర్రాడల్లా దాని చప్పుడు మార్చే పెడల్ సొంతంగా చేస్తానంటున్నాడు. చెయ్యాలి కూడా. కానీ చేసే పద్ధతే నాకు మింగుడుపడటం లేదు. కిట్టు తెప్పిస్తారు. కాగితం మీద అంకె చూసి, బోర్డు మీద అదే అంకె దగ్గర ముక్క గుచ్చి టంకం పెట్టేస్తారు. మోగకపోతే నా దగ్గరికి తెస్తారు. "తాతా, అన్నీ సరిగ్గానే ఎట్టాను, ఏటయిందో సూడు." "ఈ కండెన్సర్ ఏం చేస్తోందిరా?" అని అడిగితే నా మొహంకేసి చూస్తారు. నా కోపమంతా అక్కడే.

మా రోజుల్లో కిట్లు ఎక్కడివి? రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టే కాలం అది. చచ్చిన రేడియోలే మా సామాన్ల కొట్టు. రెసిస్టెన్సు విప్పి, రంగు గీతలు చదివి, విలువ చూసుకుని అగ్గిపెట్టెల్లో దాచుకునేవాళ్లం. దొరకనిదానికి శ్రీకాకుళం, అక్కడా లేకపోతే విశాఖ. ఊరి సంబరానికి మైక్‌సెట్ కట్టామంటే హరికథ మధ్యలో గరగర రాకూడదు, వస్తే నలుగురిలో పరువు పోయినట్టే. ఎండిపోయిన కండెన్సరా, వోల్టేజీ తప్పిన ట్రాన్సిస్టరా, వదులైన టంకమా అని వెతుక్కుంటూ పోవడంలోనే పని వచ్చింది.

ఇప్పుడు వీళ్లు కావాలంటున్నది ఆ గరగరే. దానికి ఫజ్ అని పేరు. అదీ లోపంలోంచి పుట్టిందే. అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట 'డోంట్ వర్రీ' రికార్డు చేస్తుంటే మిక్సర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ చెడి బేస్ గిటారు బొంగురుపోయింది. 1961లో పాట విడుదలై జనానికి తెగ నచ్చింది. రికార్డింగ్ ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ చప్పుడునే కావాలని పుట్టించే సర్క్యూట్ కట్టాడు. 1962లో అది మ్యాస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో అమ్మకానికొచ్చింది. చెడినదేమిటో తెలిసినవాడు కాబట్టే మళ్లీ పుట్టించగలిగాడు.

మనకెందుకీ గిటారు గోల అనే నా ఈడువాళ్లతోనూ నాకు పేచీయే. వయొలిన్ మాత్రం మనదా? విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో పడ్డాక అది పరాయిదని ఎవరైనా అన్నారా?

మొదలుపెట్టేవాడు ఒక్క ట్రాన్సిస్టరుతో మొదలుపెట్టాలి. 1960ల చివర్లో అమెరికాలో ఎలక్ట్రో-హార్మోనిక్స్ వాళ్లు ఎల్‌పీబీ-1 అని ఓ బూస్టర్ తెచ్చారు. ఒక ట్రాన్సిస్టర్, నాలుగు రెసిస్టెన్సులు, రెండు కండెన్సర్లు, ఒక వాల్యూమ్ కంట్రోల్, 9 వోల్టుల బ్యాటరీ. అంతే. టంకం జోలికి పోకుండా ముందు బ్రెడ్‌బోర్డు మీద గుచ్చండి. కలెక్టర్ దగ్గర 10 కిలో ఓమ్స్, ఎమిటర్ దగ్గర 390 ఓమ్స్. పైదాన్ని కిందిదానితో భాగిస్తే సుమారు 25. గిటారు నుంచి వచ్చే సన్నని సిగ్నల్ అన్ని రెట్లు పెరుగుతుందన్నమాట. ఈ లెక్క తెలిస్తే 390 తీసి 1 కిలో ఓమ్ పెడితే ఏమవుతుందో వినకముందే చెప్పగలరు.

ఇప్పుడు లోపలికొచ్చే దారిలో ఉన్న 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ తీసి 0.01 పెట్టండి. అదే తీగ మీటండి. లావు తీగల బరువు పోయి చప్పుడు పలచబడుతుంది. మళ్లీ పాతది పెట్టి, బయటికెళ్లే దారి నుంచి గ్రౌండుకి రెండు సిలికాన్ డయోడ్లు ఎదురుబొదురుగా పెట్టండి. 0.6 వోల్టు దాటిన శబ్దం తల తెగిపోతుంది. అదీ గరగర! జెర్మేనియం డయోడ్లు పెడితే 0.3 దగ్గరే తెగుతుంది, మోతా కాస్త తగ్గుతుంది. ఒక సాయంత్రం ఇలా ఒక్కో ముక్కా మార్చి విన్నవాడికి ఏ కిట్టూ నేర్పలేనంత వస్తుంది. మాకు బ్రెడ్‌బోర్డు లేదు, మంచి మీటరు కొనాలంటే నెల జీతం ఆలోచించాలి. అన్నీ ఉండి వీళ్లు వినకపోవడమే నాకు కడుపుమంట.

ఇంకో పిచ్చి ఏసీ128 అనే జెర్మేనియం ట్రాన్సిస్టర్. ఫజ్‌ఫేస్ అనే పాత ఫజ్ పెడల్ తరహాదానికి జెర్మేనియమే కావాలని దానికోసం డబ్బు పోస్తున్నారు. మా కాలంలో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు తయారుచేసేవారు, ట్రాన్సిస్టర్ రేడియోల్లో స్పీకరు మోగించేది అదే. మంచిదే, కాదనను. కానీ అది వేడికి లీకవుతుంది. పొద్దున్న ఆ పెడల్‌లోని రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర నాలుగున్నర వోల్టులు సరిగ్గా కుదిర్చినా, వేసవి మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఆ లెక్క తప్పి చప్పుడు గొంతు పట్టేస్తుంది. అది వాడేవాడు పేరు చూసి కాదు, గెయినూ లీకేజీ కొలిచి కొనాలి. ఈ ఊరి ఎండకి మొదటి పెడల్ రూపాయల్లో దొరికే బీసీ547తో చెయ్యడమే నయం.

ఇక సముద్రం సంగతి ఏ కిట్టు కాగితంలోనూ ఉండదు. వంశధార మొగ దగ్గర ఉప్పుగాలికి లైట్‌హౌస్ ఇనుమే తుప్పు పడుతుంది, జాక్ పిన్ను ఎంత? టంకం పెట్టాక ఫ్లక్స్ జిగురు స్పిరిట్‌తో తుడిచి, బాగా ఆరాక బోర్డుకి వార్నిష్ పుయ్యండి. జాకులకీ, కంట్రోలుకీ తగలనివ్వకండి. ప్లాస్టిక్ డబ్బా వద్దు, ట్యూబ్‌లైటు రొద లోపలికి వస్తుంది. రేకు పెట్టె తెచ్చి, దాన్ని గ్రౌండుకి కలిపి, అప్పుడు మూత బిగించండి. మోగకపోతే తీసుకురండి, చూస్తాను. కానీ ఏ కండెన్సర్ ఏం చేస్తోందో చెప్పాకే నా మీటరు బయటికొస్తుంది.