ఎవరికీ చెప్పకు, గోలీ వేసుకో

సంసారంలో తేడా వచ్చిందని మగవాడు నోరు విప్పడమే తక్కువ. విప్పినా ముందు వినేది దోస్తో, బావమరిదో. నాగర్‌కర్నూల్ జిల్లా తిమ్మాజిపేట చుట్టుపక్కల ఊళ్లలో ఆ దోస్తులూ బావలూ చెప్పే చిట్కాలన్నీ రాస్తే ఒక పుస్తకం అవుతుంది. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కారు, మేలు కోరే చెబుతారు. కానీ ఆ సలహాల్లో ఎక్కువభాగం మనిషిని దవాఖాన తోవ నుంచి పక్కకు లాగేవే. వాటిని ఒక్కొక్కటే ముందు పెట్టుకుని, ఎందుకు వినకూడదో చెబుతాను.

"ఎవరికీ చెప్పకు. బయటపడితే ఇజ్జత్ పోతది." అన్నిటికంటే ముందు వచ్చే సలహా ఇదే, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. అంగం గట్టిపడకపోవడాన్ని మనవాళ్లు నరాల బలహీనత అంటారు. నలభై దాటినవాళ్లలో చాలాసార్లు అది రక్తనాళాల సంగతి. కోరిక కలిగినప్పుడు నరాల కొసల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. దాంతో అంగంలోని కండరం వదులై, ధమనులు తెరుచుకుని, రక్తం వచ్చి నిండుతుంది. రక్తనాళాల్లో ఈ వాయువు చేసే పనిని కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి ఇచ్చారు. షుగర్, బీపీ, కొవ్వు, బీడీ పొగ, ఈ నాలుగూ ఆ లోపలి పొరనే తింటాయి. అంగానికి పోయే ధమని వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు. గుండె ధమనులు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటాయి. కాలువలో నీళ్లు తగ్గితే ముందు ఎండేది చివరి ఆయకట్టే కదా, ఇక్కడా అంతే. గుండెలో నొప్పి కనబడడానికి రెండు మూడేళ్ల ముందే చాలామందిలో ఈ ఇబ్బంది కనబడుతుంది. అంటే సిగ్గుపడి దాచింది మగతనం సంగతి ఒక్కటే కాదు. గుండె పంపిన కబురును కూడా దాచిపెట్టినట్టు. ఆ రెండు మూడేళ్లలో బీపీ చూపించుకుని, షుగర్ పట్టుకుని, బీడీ మానితే బతికే మనిషి, ఇజ్జత్ కోసం ఆ టైమంతా పోగొట్టుకుంటాడు. నాకు ఎక్కువ బాధ కలిగేది ఇక్కడే.

"మెడికల్ షాపులో ఒక గోలీ దొరుకుతది, వేసుకో." గోలీ మంచిదే. అందులోని మందు సిల్డెనాఫిల్‌ను మొదట గుండెనొప్పి కోసం పరీక్షించారు. ఆ పనికి అంతగా అక్కరకు రాలేదు గానీ, పరీక్షల్లో పాల్గొన్న మగవాళ్లలో ఇంకో గుణం బయటపడింది. 1998 మార్చిలో అమెరికాలో వయాగ్రా పేరుతో అనుమతి వచ్చింది. తప్పల్లా చీటీ లేకుండా, పరీక్ష లేకుండా, కౌంటర్ దగ్గర గుసగుసగా అడిగి తెచ్చుకోవడంలో ఉంది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేటు మందులు వాడేవాళ్లు ఈ గోలీ వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. దోస్తుకు ఆ సంగతి తెలియదు. తనకు పనిచేసిందని జేబులోంచి అట్ట తీసి సగం విరిచి ఇస్తాడు. తీసుకున్నవాడి గుండె ఎలా ఉందో ఇచ్చినవాడికీ తెలియదు, తీసుకున్నవాడికీ తెలియదు. ఇంకో మాట. కోరిక లేనిచోట ఈ గోలీ కోరిక పుట్టించదు. ఒకసారి పనిచేయకపోతే రెండు వేసుకోమని చెప్పేవాడి మాట అసలే వినకూడదు.

"ఫలానా లాడ్జిలో ఆదివారం ఒక డాక్టర్ సాబ్ కూసుంటడు." బస్టాండ్ల గోడల మీద, కరెంటు స్తంభాలకు, మూత్రశాలల తలుపుల మీద ఆ కాగితాలు మీరు చూసే ఉంటారు. ఎర్ర అక్షరాల్లో శీఘ్రస్కలనం, స్వప్నస్కలనం, అంగం చిన్నది, సంతానలేమి అని వరసగా రాసి, కింద గ్యారంటీ అని ఉంటుంది. దానికింద ఒక సెల్ నంబరు. చదువుకున్న డిగ్రీ ఏమిటో ఉండదు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండదు, ఊరి పేరు కూడా ఉండదు. లోపలికి పోతే నాడి పట్టుకుని, కళ్లు తెరిచి చూసి, చిన్నప్పుడు చేసిన తప్పుల వల్లే అంటాడు. అది వినగానే పిల్లవాడి మొహం పాలిపోతుంది. అక్కడి నుంచి ఎంత అడిగితే అంత ఇస్తాడు. మూడు పొట్లాలు, ఒక నూనె సీసా చేతికొస్తాయి. పొట్లం మీద పేరు ఉండదు, తేదీ ఉండదు. మూలికల మందు అని అమ్మే పొడుల్లో సిల్డెనాఫిల్‌ను దొంగతనంగా కలపడం అనేక దేశాల ప్రయోగశాలల్లో పట్టుబడింది. అందుకే కొన్ని పొడులు నిజంగానే పనిచేసినట్టు కనబడతాయి. గుండెజబ్బు ఉన్నవాడు మూలికే కదా అని మింగితే ముందు చెప్పిన ప్రమాదమే వస్తుంది.

ఇలాంటి ప్రకటనలు చట్టవిరుద్ధమని చాలామందికి తెలియదు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, లైంగిక సామర్థ్యం పెంచుతామని చెప్పే మందుల ప్రకటనలను సూటిగా నిషేధించింది. ఆ గోడ మీది కాగితం అంటించడమే నేరం.

"చిన్నప్పటి అలవాటు వల్ల ధాతువు పోయింది, ఇగ రాదు." ఈ భయం మీద ఎన్ని కొట్లు బతుకుతున్నాయో లెక్కలేదు. నూరు రక్తపు చుక్కలు కలిస్తే ఒక వీర్యపు చుక్క అన్న నమ్మకం తాతల కాలం నాటిది. వీర్యం ఒకసారికి రెండు నుంచి ఐదు మిల్లీలీటర్లు వస్తుంది. అందులో ఎక్కువభాగం చిన్న గ్రంథుల నుంచి ఊరే ద్రవం, దానిలో కొంత చక్కెర ఉంటుంది. ఒంట్లో అది రోజూ తయారవుతూనే ఉంటుంది, పోయినదాంతో రక్తం తగ్గదు, సత్తువ తగ్గదు. హస్తప్రయోగం వల్ల మగతనం పోదు. మనదేశపు మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో ఈ భయానికే ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. తెలుగులో డాక్టర్ సమరం గారు ఏళ్ల తరబడి పత్రికల్లో పాఠకుల ఉత్తరాలకు జవాబులు రాస్తూ ఈ మాటే విప్పి చెప్పారు. ఆ జవాబులు దాచుకుని చదివిన తరంవాళ్లు ఇప్పుడు తాతలయ్యారు, వాళ్ల మనవలు మళ్లీ అదే లాడ్జి మెట్లు ఎక్కుతున్నారు. బడిలో ఒక్క పాఠం సరిగ్గా చెప్పి ఉంటే ఈ గతి పట్టేది కాదు.

భయానికి ఒంటి మీద బలం ఎక్కువ. బొంబాయికో పుణెకో పనికి పోయి, పండుగకు నాలుగు రోజులు ఇంటికొచ్చిన మనిషి, ఈ నాలుగు రోజుల్లోనే అంతా కావాలన్న ఆత్రంలో ఉంటాడు. ఆత్రానికీ భయానికీ ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది, అది రక్తనాళాలను ముడుస్తుంది. ఒకసారి కాలేదంటే రెండోసారి ఆ దిగులుతోనే కాదు. అలాంటివాడికి మనసులో పెట్టుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. తెల్లవారుజామున నిద్రలేచేటప్పుడు అంగం గట్టిగా ఉంటోందంటే నరాలూ రక్తనాళాలూ చాలావరకు బాగున్నట్టే, ఇబ్బంది ఎక్కువగా మనసులో ఉన్నట్టు. అదీ మెల్లమెల్లగా పోయిందంటే షుగర్, బీపీ చూపించుకోవాలి.

"రెండు సీసలు కల్లు తాగిపో, భయం పోతది." పాలమూరులో ఈ సలహా వినని మగవాడు ఉండడు. చెట్టు నుంచి దింపిన కల్లు వేరు. కల్లు కాంపౌండులో సీసాలో వచ్చేది చాలాచోట్ల వేరు. క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, ఆల్ప్రాజోలం కలిపిన కల్లు మన జిల్లాలకు పాత జబ్బు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ దవాఖానలకు వణుకుతో, ఫిట్సుతో, పిచ్చిచూపులతో జనం వచ్చారు. ఈ మందులన్నీ మెదడును మగతలో ముంచేవే. భయం పోతుంది, నిజమే. దానితోపాటు కోరికా పోతుంది, నరాల స్పందనా పోతుంది. క్వార్టర్ సంగతీ అంతే. ఒకటి రెండు గుక్కలకు సిగ్గు తగ్గుతుంది, ఏళ్ల తరబడి తాగితే లివర్ చెడి, టెస్టోస్టెరాన్ పడిపోతుంది. భార్యకు ఆ వాసన, ఆ మగత ఎలా ఉంటుందో అడిగే మగవాడు నాకు ఎక్కడా కనబడలేదు. అయితే రోజూ మందు కల్లు తాగేవాళ్లు ఇది చదివి రేపటి నుంచి ఒక్కసారిగా మానకండి. ఫిట్సు రావచ్చు. డాక్టరుకు చెప్పి, మందులతో మెల్లగా తగ్గించుకోవాలి.

"షుగర్ గోలీలతోనే నీకు ఇట్లయింది, బంద్ చెయ్." ఇది చంపే సలహా. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే లెక్కల ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకు పైనే. షుగర్ ఉన్న మగవాళ్లలో ఈ ఇబ్బంది, షుగర్ లేనివాళ్లకంటే చాలా ఎక్కువ. అందుకు కారణం గోలీ కాదు, అదుపులో లేని షుగరే. నరాన్నీ రక్తనాళాన్నీ రెండింటినీ కొరికేది అదే. గోలీ మానితే జరిగే నష్టం ఇంకా పెరుగుతుంది. బీపీ మందుల్లో కొన్ని, అటెనొలాల్ లాంటివి, కొందరికి ఈ ఇబ్బంది తెస్తాయన్నది నిజం. దానికి మందు దాచిపెట్టడం జవాబు కాదు. డాక్టరుకు చెబితే ఇంకో రకం రాసిస్తాడు. మానసిక జబ్బులకు వాడే కొన్ని మందులకూ ఇదే మాట.

ఉడుము మాంసం తింటే బలం వస్తదని నల్లమల వైపు నుంచి తెప్పించుకునేవాళ్లున్నారు. రాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద జైలుకు మాత్రం పోతారు. జిమ్ముకు పోయే పిల్లలకు ఎవడో ఇచ్చే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ అంతకంటే చెడ్డది. బయటి నుంచి హార్మోను వస్తుంటే ఒళ్లు తన సొంత తయారీని ఆపేస్తుంది, వీర్యకణాలు పడిపోతాయి. ఈ గుణం చూసే దాన్ని మగవాళ్ల గర్భనిరోధకంగా వాడవచ్చా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షలు చేసింది. పిల్లలు కావాలనుకునేవాడు ఆ సూది వైపు చూడకూడదు.

ఇక అన్నిటికంటే నాకు కోపం తెప్పించే సలహా పెద్దవాళ్లది. "పెండ్లి చేస్తే అన్నీ సర్దుకుంటయ్." సర్దుకోవు. ఇబ్బంది ఉన్న పిల్లవాడిని డాక్టరుకు చూపించకుండా, ఆ సంగతి తెలియని ఒక ఆడపిల్లను తెచ్చి ఆ గదిలో పెడతారు. ఏడాది తిరిగేసరికి "ఏమైనా ఉందా" అని అడగడం మొదలు. అడిగేది ఆమెనే. మొక్కులు ఆమెవి, ఉపవాసాలు ఆమెవి, స్కానింగులు ఆమెవి, గొడ్రాలన్న మాట ఆమెది. ఇంట్లో ఏం జరుగుతుందో తల్లికి కూడా చెప్పుకోలేదు. మగవాడి వీర్యపరీక్షకు ఒక చిన్న డబ్బా చాలు, సూది లేదు, కోత లేదు. పిల్లలు కాని జంటల్లో సుమారు సగంలో మగవాడి వైపు కారణం విడిగానో, ఆమె కారణంతో కలిసో ఉంటుంది. కాబట్టి మొదటిరోజే ఇద్దరికీ పరీక్షలు మొదలుపెట్టాలి. సంసారం చేయలేని స్థితి వల్ల కాపురమే మొదలుకాని పెళ్లిని రద్దు చేయమని కోరే హక్కు హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ఆమెకు ఇచ్చింది. అంతదాకా పోనక్కరలేదు, పెళ్లికి ముందో తర్వాతో అతడు నోరు తెరిచి ఆమెతో చెబితే సగం బరువు అక్కడే దిగుతుంది. ఎందుకంటే ఇది చాలావరకు బాగయ్యే సమస్య.

ఎంతవరకు బాగవుతుందో చెప్పడానికి ఒక పరిశోధన చాలు. 2004లో ఇటలీలో ఊబకాయం ఉండి ఈ ఇబ్బంది పడుతున్న 110 మంది మగవాళ్లను రెండేళ్లు చూశారు. తిండి మార్చి, వ్యాయామం చేసి, బరువు తగ్గిన గుంపులో సుమారు మూడోవంతు మంది ఏ గోలీ లేకుండానే మామూలయ్యారు. ఉత్త మాటలు చెప్పి పంపిన గుంపులో అలా అయినవాళ్లు చాలా తక్కువ. నిద్ర సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 2011లో షికాగోలో పదిమంది కుర్రవాళ్లను వారంపాటు రాత్రికి ఐదు గంటలే పడుకోనిస్తే, పగటిపూట టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి ఫార్మా కంపెనీల్లో రాత్రి డ్యూటీలు చేసి, పగలు ఫోన్ చూస్తూ పడుకోని పిల్లలు ఈ లెక్క చూసుకోవాలి. పొద్దుటిపూట పక్కూరు ఆవంచ తోవ పట్టి అరగంట గట్టిగా నడిచినా, పళ్లెంలో అన్నం తగ్గించి కూర, పప్పు, పల్లీలు పెంచినా ఖర్చేమీ లేదు. బీడీ మానితే మిగులుతుంది కూడా.

దవాఖానకు పోవడానికి భయం ఉన్నవాళ్లకు తోవ చెబుతాను. ముందు మండలంలోని సర్కారు ఆరోగ్య కేంద్రం. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ అక్కడ ఊరికే చూస్తారు, రక్తపరీక్షలకూ డబ్బులు పట్టవు. "సంసారంలో ఇబ్బంది" అన్న ఒక్క మాట చాలు, డాక్టరుకు అర్థమవుతుంది. అవసరమైతే నాగర్‌కర్నూల్‌కు పంపుతాడు, అక్కడ 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ఎప్పటి నుంచి ఉంది, తెల్లవారుజామున ఎలా ఉంటోంది, మెట్లెక్కితే ఛాతీలో పట్టేస్తోందా, రాత్రి గురక వస్తోందా, ఇవి అడుగుతారు. వాడే గోలీల అట్టలన్నీ సంచిలో వేసుకుని పోండి, లాడ్జి పొట్లం మిగిలి ఉంటే దాన్ని కూడా. కల్లు ఎన్ని సీసలో తగ్గించి చెప్పకండి. వీలైతే భార్యను తోడు తీసుకుపోండి.